కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు ఇది చదవండి: మ్యూజిక్ ప్లగిన్ల బరువు ఇంకో పీసీకి ఎక్కించడం ఎలా?

ఏలూరులో షార్ట్ ఫిల్మ్‌లకు బీజీఎం చేసేవాళ్లయినా, తాడేపల్లిగూడెం నిట్ హాస్టల్లో కవర్ సాంగ్స్ మిక్స్ చేసేవాళ్లయినా ఒక దగ్గర తప్పకుండా ఆగిపోతారు. ట్రాకులు 20 దాటతాయి, వోకల్స్ మీద రివర్బ్ పడుతుంది, మాస్టర్ మీద లిమిటర్ పడుతుంది. అంతే! సీపీయూ మీటర్ ఎర్రగా మారి పాట టకటకమంటూ తెగిపోతుంది. వెంటనే వచ్చే ఆలోచన ఒక్కటే: కొత్త ల్యాప్‌టాప్ కొనాలి.

కాస్త ఆగండి. ఇంట్లో అన్నయ్య డెస్క్‌టాప్ ఖాళీగా ఉందా? రూమ్మేట్ గేమింగ్ పీసీ రాత్రిళ్లు ఊరికే ఉంటోందా? అయితే ఆ మెషీన్ ప్రాసెసర్‌ని మీ పాటకు వాడుకోవచ్చు. దానికి కావాల్సింది ఒక నెట్‌వర్క్ కేబుల్, ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మీ డీఏడబ్ల్యూ, అంటే క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్, ఆడియోని చిన్న చిన్న ముక్కలుగా ప్రాసెస్ చేస్తుంది. ఒక్కో ముక్కనే బఫర్ అంటాం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిల్స్ బఫర్ పెడితే ఒక్కో ముక్క 5.3 మిల్లీసెకన్లు. ఆ టైమ్ లోపల అన్ని ప్లగిన్ల లెక్కలూ పూర్తవ్వాలి. ఒక్కసారి లేటైనా మీకు 'టక్' అని వినిపిస్తుంది.

ఇక్కడ మనం చేసేదేంటంటే, బరువైన ప్లగిన్ బదులు ట్రాక్ మీద ఒక తేలికపాటి 'దూత' ప్లగిన్ పెడతాం. అది ఆడియో ముక్కని నెట్‌వర్క్ ద్వారా రెండో పీసీకి పంపుతుంది. అసలు ప్లగిన్ అక్కడ రన్ అవుతుంది. ప్రాసెస్ అయిన ఆడియో వెనక్కి వస్తుంది. రెండో పీసీకి సౌండ్ కార్డు గానీ స్పీకర్లు గానీ అక్కర్లేదు. అది చేసేది లెక్కలు మాత్రమే.

ఈ ఐడియా కొత్తదేం కాదు. 2004లో యాపిల్ తెచ్చిన లాజిక్ ప్రో 7లోనే 'నోడ్' అనే ఫీచర్ ఉంది. కాకపోతే అది లాజిక్ సొంత ఎఫెక్టులకు, ఇన్‌స్ట్రుమెంట్లకు మాత్రమే పనిచేసేది. సినిమా స్కోర్లు చేసే పెద్ద స్టూడియోల్లో వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో బాగా పాపులర్, కానీ అది డబ్బులు పెట్టి కొనాలి. మన బడ్జెట్‌కి సరిపోయేది ఆడియోగ్రిడర్. ఇది ఫ్రీ, ఓపెన్ సోర్స్. సర్వర్‌ని విండోస్ మీద గానీ మ్యాక్ మీద గానీ పెట్టుకోవచ్చు.

నెట్‌వర్క్ తట్టుకుంటుందా? లెక్క చూద్దాం

ఒక స్టీరియో ట్రాక్ అంటే సెకనుకి 48,000 శాంపిల్స్, రెండు ఛానెళ్లు, ఒక్కో శాంపిల్‌కి 32 బిట్లు. మొత్తం సుమారు 3 ఎంబీపీఎస్. అంతే డేటా వెనక్కి కూడా రావాలి. 20 ట్రాకులు పంపితే ఒక్కో వైపు 60 ఎంబీపీఎస్ పైమాటే. గిగాబిట్ నెట్‌వర్క్‌కి ఇదొక లెక్కే కాదు. 100 ఎంబీపీఎస్ లింక్ మీద మాత్రం అప్పుడే సగానికి పైగా నిండిపోయినట్టు.

అసలు సమస్య స్పీడ్ కాదు, టైమింగ్. వైఫైలో సగటు స్పీడ్ ఎంత బాగున్నా, పక్కింటి రౌటర్ అడ్డొచ్చినప్పుడు ఒక ప్యాకెట్ మళ్లీ పంపాల్సి వస్తుంది. ఆ ఒక్కటి 20 మిల్లీసెకన్లు ఆలస్యమైతే చాలు, పాట తెగుతుంది. యూట్యూబ్ అయితే ముందే కొంత వీడియో దాచుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. ఇక్కడ ఆ వెసులుబాటు చాలా తక్కువ. అందుకే కేబుల్ తప్పనిసరి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, రౌటర్ బాక్స్ మీద '1200 ఎంబీపీఎస్' అని ఉన్నా అది వైఫై లెక్క. చాలా చవక రౌటర్లలో వెనక ఉండే ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. రెండు, గిగాబిట్ రావాలంటే కేబుల్లోని 8 వైర్లూ సరిగ్గా కనెక్ట్ అవ్వాలి. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 తీసుకోండి. కనెక్ట్ చేశాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 అని చూపిస్తోందో లేదో చూడండి.

సెటప్ ఇలా చేయండి

1. రెండు మెషీన్లనీ కేబుల్‌తో నేరుగా కలపండి. ఇప్పటి పోర్టులకి మామూలు కేబుల్ చాలు. ఒకదానికి 192.168.10.1, ఇంకోదానికి 192.168.10.2 అని ఐపీ ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0.

2. డెస్క్‌టాప్‌లో ఆడియోగ్రిడర్ సర్వర్ ఇన్‌స్టాల్ చేయండి. అందులో ఉన్న ప్లగిన్లని అది స్కాన్ చేసుకుంటుంది. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి.

3. ల్యాప్‌టాప్‌లో ఆడియోగ్రిడర్ ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి, ట్రాక్ మీద ఇన్సర్ట్ చేయండి. సర్వర్‌ని ఎంచుకుని, కావాల్సిన ఎఫెక్ట్‌ని లిస్ట్‌లోంచి తీసుకోండి. ప్లగిన్ విండో కూడా మీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

4. టకటకలు వస్తుంటే నెట్‌వర్క్ బఫర్‌ని ఒక్కో మెట్టు పెంచుతూ వెళ్లండి.

గుర్తుంచుకోండి, ప్లగిన్ ఏ మెషీన్‌లో రన్ అవుతుందో లైసెన్స్ కూడా ఆ మెషీన్‌లోనే ఉండాలి.

ఏవి పంపాలి, ఏవి పంపకూడదు?

నెట్‌వర్క్ బఫర్ పెరిగిన కొద్దీ ఆలస్యం పెరుగుతుంది. 256 శాంపిల్స్ బఫర్లు రెండు పెడితే అదనంగా 10 మిల్లీసెకన్లకు పైనే. మిక్సింగ్‌లో ఇది ఇబ్బంది కాదు, డీఏడబ్ల్యూ మిగతా ట్రాకుల్ని కూడా అంతే వెనక్కి జరిపి సర్దేస్తుంది. కానీ సింగర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన గొంతు తానే వింటూ పాడుతున్నప్పుడు ఆ తేడా చిరాకు పెడుతుంది. కాబట్టి రికార్డింగ్‌లో ఉన్న ట్రాక్‌ని మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉంచండి.

పంపాల్సినవి: కన్వల్యూషన్ రివర్బ్, మాస్టరింగ్ చైన్, నాయిస్ రిడక్షన్. కొల్లేరు సౌండ్స్ రికార్డ్ చేసేవాళ్లకి చివరిది బాగా ఉపయోగం. ఆటపాకలో పెలికాన్ల అరుపులు రికార్డ్ చేద్దామంటే వెనకాల చేపల చెరువుల ఏరేటర్ల మోత కూడా పడుతుంది. దాన్ని తీసేసే ప్లగిన్లు ప్రాసెసర్‌ని పిండేస్తాయి. మామూలు ఈక్యూ, చిన్న కంప్రెసర్ లాంటివి పంపడం వేస్ట్, వాటి బరువే తక్కువ.

ఏలూరు నుంచి గూడెంలో ఉన్న ఫ్రెండ్ పీసీ వాడుకోవచ్చా?

చాలామందికి వచ్చే డౌటే ఇది. రెండూళ్ల మధ్య దూరం దాదాపు 50 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి ఆ దూరం దాటడానికి పావు మిల్లీసెకను చాలు. కానీ మీ ఇంటర్నెట్ ప్యాకెట్ హైవే పట్టుకుని నేరుగా గూడెం వెళ్లదు. ఇద్దరి కంపెనీలు వేరైతే ఏ హైదరాబాదో, చెన్నైయో తిరిగి రావచ్చు. పైగా టైమింగ్ ప్రతి క్షణం మారుతుంది. సర్వర్ పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం భద్రతకీ మంచిది కాదు. ప్రాజెక్ట్ ఫైలే పంపించుకోవడం నయం.

కరెంటు సంగతి

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కి ఉండదు. కరెంటు పోతే పాట ఆగదు గానీ రివర్బ్, మాస్టరింగ్ అన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ పెట్టండి. మధ్యలో స్విచ్ వాడుతుంటే దానికి కూడా. ప్రాజెక్ట్‌ని తరచూ సేవ్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చేసిన పాటని క్లయింట్‌కి పంపే ముందు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినండి.

ఫైనల్‌గా ఎవరికి?

రెండో మెషీన్ ఇంట్లో ఉంటే ఈరోజే ట్రై చేయండి, ఖర్చు కేబుల్ వరకే. లేకపోతే దీనికోసమని ఇంకో పీసీ కొనకండి. డీఏడబ్ల్యూలో 'ఫ్రీజ్' ఆప్షన్ ఉంటుంది. పూర్తయిన ట్రాక్‌ని ఆడియోగా మార్చేసి ప్రాసెసర్‌ని ఖాళీ చేస్తుంది. ముందు అది వాడి చూడండి. అదీ చాలకపోతే అప్పుడు ర్యామ్ గురించో, కొత్త ల్యాప్‌టాప్ గురించో ఆలోచించొచ్చు.