ఆకాశము నుండి చేనికి దిగివచ్చిన వైమానికుడు



గండికోట పరిసరాల్లో శనగ, ప్రత్తి, వేరుశనగ వేసే కుటుంబాలకు పురుగు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పచ్చగా నిలిచిన చేను నాలుగు దినాలలో ఈనెలు తేలిపోతుంది. యోవేలు ప్రవక్త గ్రంథములోని పురుగుల బాధ మన రైతుకు కొత్త కాదు. అట్టి పురుగు మీదికి మొదట విమానము నడిపిన మనిషిని గూర్చి ఈ నెల తెలిసికొందాము.

ఆయన పేరు జాన్ మాక్రెడీ. 1887లో అమెరికాలోని శాన్ డియాగోలో జన్మించి, సైన్యములో వైమానికుడయ్యారు. 1921లో ఒహాయో రాష్ట్రములో ట్రాయ్ అనే ఊరి దగ్గర కటాల్పా చెట్ల తోపుకు గొంగళి పురుగు పట్టింది. తోపు ఆరు ఎకరాలు, చెట్లు 4,815. నిచ్చెనలు వేసి ఎన్నిటికి మందు కొట్టగలరు? ఎటియెన్ డోర్మోయ్ అనే ఇంజనీరు విమానము ప్రక్కన బిగించే మందు పెట్టెను తయారు చేశారు. ఆగస్టు 3న మాక్రెడీ చెట్ల కొనలకు కొంచెము పైగా విమానము పోనిచ్చారు. వెనుక కూర్చున్న డోర్మోయ్ చేతితో పిడి త్రిప్పుతుంటే పొడి గాలివాటున తోపులోకి సాగింది. మందు చల్లిన సమయమంతా కలిపి 54 సెకన్లే! పురుగులలో నూటికి ఒకటి కూడా మిగలలేదు.

ఆ విమానము యుద్ధమునకు సైనికులను తర్ఫీదు చేయడానికి పుట్టిన రకము. ఖడ్గాలు నాగలి నక్కులగునన్న యెషయా దర్శనము మనకు గుర్తుకు రావడము లేదా?

అదే ఏడాది సెప్టెంబరులో మాక్రెడీ 34,508 అడుగుల ఎత్తుకు ఎగిరి రికార్డు నెలకొల్పారు. 1923 మే నెలలో ఓక్లీ కెల్లీతో కలిసి న్యూయార్కు నుండి శాన్ డియాగోకు ఎక్కడా దిగకుండా 26 గంటల 50 నిమిషాలలో చేరారు. పత్రికలు ఈ ఘనకార్యాలనే ఎక్కువగా పొగిడాయి. కాని రైతుకు పనికివచ్చినది ఆయన క్రిందికి దిగి చేసిన పనియే. గండికోట అంచు నుండి చూస్తే దూరపు చేలు పచ్చగా కనబడతాయి గాని, ఆకు మీది పురుగు కనబడదు. దానిని చూడాలంటే చేనిలోకి దిగాలి. మన రక్షకుడు కూడా పైనుండి దిగివచ్చినవాడే గదా! చదువుకున్న బిడ్డలారా, ఎంత ఎత్తుకు ఎదిగినా ఊరి కష్టము వరకు దిగిరండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆనాడు చల్లినది లెడ్ ఆర్సెనేట్. అందులో సీసము, పాషాణము ఉన్నాయి. నేలలో ఏండ్ల తరబడి నిలిచే ఆ విషమును పురుగుమందుగా వాడకుండా 1988లో అమెరికాలో ఆపివేశారు. పురుగును చంపునది మనిషిని విడిచిపెట్టదు. ఇప్పుడు మన చేలపైకి డ్రోనులు వస్తున్నాయి. 2023లో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా సంఘాలకు డ్రోనులిచ్చే పథకమును ఆమోదించింది. సాధనము మారినా జాగ్రత్త మారరాదు. గాలికి ఎదురుగా మందు కొట్టకండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొనండి. ఖాళీ డబ్బాలను నీళ్లకు వాడకండి. పిల్లలను, పశువులను దూరముగా ఉంచండి.

భూమి యెహోవాది, మనము దాని కాపరులము. పైరును కాపాడుకొనే చేతులే ఇంటివారిని కూడా కాపాడును గాక!