కోపెన్‌హాగన్ శాస్త్రజ్ఞులు - చిన్న తేడాల విలువ

పాఠశాల ప్రయోగశాలలో ఒక విద్యార్థి లోలకము డోలనకాలమును కొలిచి, గురుత్వ త్వరణమును లెక్కించును. లెక్కలో 9.4 వచ్చును. పుస్తకములో 9.8 అని యున్నది. అతడు అటునిటు చూచి, కొలతలలో నొకదానిని చెరిపి, 9.8 వచ్చునట్లుగా మార్చి వ్రాసి, రికార్డు పుస్తకమును ఉపాధ్యాయునికి అప్పగించును. పుస్తకమునకు, ప్రయోగమునకు నడుమ నున్న తేడా ఆ విధముగా కాగితముమీద మాయమగును. దానితోపాటు ఆ తేడాకు కారణమేమి అను ప్రశ్నయు మాయమగును.

ఇట్టి చిన్న తేడాలను చెరిపివేయక, వాని కారణములను ఓపికతో వెదకినవారి వలననే విజ్ఞానశాస్త్రము చాలవరకు పెరిగినది. అట్టివారు పెక్కుమంది ఒకే నగరముతో సంబంధము గలవారగుట విశేషము. అది డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగన్. సముద్రతీరమున వెలసిన ఈ నగరము పేరునకు వర్తకుల రేవు అని అర్థము. ఇచటి విశ్వవిద్యాలయము 1479లో ప్రారంభమైనది. దేశము చిన్నదే. కాని ఉన్నత పాఠశాల విజ్ఞాన పుస్తకములను తిరుగవేసినచో ఈ నగరమువారి కృషి ఎన్నో పుటలలో గోచరించును.

టైకో బ్రాహీ - ఎనిమిది కళలు

1560 ఆగస్టులో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న 13 సంవత్సరముల బాలుడొకడు సూర్యగ్రహణమును చూచెను. గ్రహణము ఎప్పుడు వచ్చునో మనుష్యులు ముందుగనే లెక్కగట్టి చెప్పగలుగుట అతనికి మిక్కిలి ఆశ్చర్యము గొలిపెను. ఆ బాలుడే టైకో బ్రాహీ. 1576లో డెన్మార్కు రాజు అతనికి నగర సమీపమున సముద్రములోనున్న హ్వెన్ అను దీవిని ఒసంగెను. అచట టైకో గొప్ప వేధశాలను నిర్మించెను. అప్పటికి దూరదర్శిని లేదు. పెద్ద పెద్ద కోణమాన యంత్రములతో, వట్టి కంటితోనే, అతడు గ్రహముల స్థానములను రాత్రుల తరబడి కొలిచెను.

టైకో 1601లో మరణించెను. అతని కొలతలు కెప్లర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుని చేతికి వచ్చినవి. అంగారకగ్రహము వృత్తాకార మార్గమున చరించుచున్నదని తలచి కెప్లర్ లెక్కలు కట్టగా, లెక్కకును టైకో కొలతకును 8 కళల తేడా వచ్చినది. డిగ్రీలో 60వ వంతు ఒక కళ. ఆకాశమున పూర్ణచంద్రబింబపు వ్యాసము సుమారు 30 కళలు. అనగా తేడా చంద్రబింబములో నాలుగవ వంతు మాత్రమే. మరియొకరి కొలతలైనచో కెప్లర్ దానిని పరిశీలకుని పొరపాటని వదలియుండెడివాడే. టైకో అంత పొరపాటు చేయడని అతడెరుగును. అందువలన కొలతను కాక, వృత్తమునే విడిచిపెట్టెను. 1609లో గ్రహమార్గములు దీర్ఘవృత్తములని ప్రకటించెను.

రోమర్ - ఆలస్యముగా వచ్చిన వెలుగు

1671లో పికార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు టైకో వేధశాల యున్న స్థానమును సరిగా నిర్ణయించుటకు డెన్మార్కు వచ్చెను. అతనికి సాయపడిన యువకుడు ఓలె రోమర్. అతడు కోపెన్‌హాగన్‌లో చదువుకొన్నవాడు. అతని నేర్పును మెచ్చి పికార్ తనతో పారిస్ నగరమునకు తీసికొనిపోయెను. అచటి వేధశాలలో రోమర్ గురుగ్రహపు ఉపగ్రహములను పరిశీలింపసాగెను.

ఆ ఉపగ్రహములలో అయో అనునది సుమారు 42½ గంటల కొకసారి గురుగ్రహమును చుట్టివచ్చును. చుట్టివచ్చినప్పుడెల్ల అది గురుని నీడలో మునిగి మరల వెలుపలికి వచ్చును. ఇది ఆకాశమున నడచు గడియారము వంటిది. కాని ఈ గడియారము సరిగా నడచుచున్నట్లు కనబడలేదు. భూమి గురుగ్రహమునకు దూరముగా పోవుచున్న మాసములలో గ్రహణములు క్రమముగా ఆలస్యమగుచుండెను. దగ్గరకు వచ్చుచున్న మాసములలో ముందుగా వచ్చుచుండెను.

కారణము గడియారములో లేదు, వెలుగు ప్రయాణములో నున్నదని రోమర్ గ్రహించెను. దీనిని నేటి సంఖ్యలతో విద్యార్థులే లెక్కించి చూడవచ్చును. భూమి సెకండునకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. 42½ గంటలనగా 1,53,000 సెకండ్లు. భూమి గురుగ్రహమునకు నేరుగా ఎడమగుచున్న దినములలో, ఒక గ్రహణమునకును మరియొక గ్రహణమునకును నడుమ అది సుమారు 46 లక్షల కిలోమీటర్లు దూరము పోవును. ఆ అదనపు దూరమును దాటుటకు కాంతికి సుమారు 15 సెకండ్లు పట్టును. నాటి గడియారములతో ఒక్క గ్రహణములో 15 సెకండ్లను పట్టుకొనుట కష్టము. కాని మాసముల తరబడి కూడినచో అవి నిమిషములగును.

1676లో రోమర్ ఈ భావమును పారిస్ విజ్ఞాన పరిషత్తునకు తెలిపెను. నవంబరు 9న అయో నీడనుండి వెలువడుట పూర్వపు లెక్కకంటె సుమారు 10 నిమిషములు ఆలస్యముగా కనబడునని ముందుగనే చెప్పబడినది. అట్లే జరిగినది. అయినను వేధశాల పెద్దయగు కాసీని దీని నంగీకరింపలేదు. తక్కిన ఉపగ్రహములలో ఈ నియమము సరిగా కనబడుటలేదని అతని ఆక్షేపణ. భూకక్ష్య వ్యాసమును దాటుటకు కాంతికి 22 నిమిషములు పట్టునని రోమర్ అంచనా. నిజమునకు అది 17 నిమిషములకు కొంచెము తక్కువ. సంఖ్యలో పొరపాటున్నది, సత్యములో లేదు. కాంతి ఎంత వేగముగా పోయినను, దాని ప్రయాణమునకు కాలము పట్టును.

1681లో రోమర్ కోపెన్‌హాగన్‌కు తిరిగివచ్చి ఆచార్యుడయ్యెను. అతడు 1710లో మరణించెను. 1728లో నగరమును దహించిన అగ్నిప్రమాదములో అతని పరిశీలన పత్రములు చాలవరకు కాలిపోయినవి. దాదాపు ఆ కాలముననే ఇంగ్లండులో బ్రాడ్లీ నక్షత్ర పరిశీలనల వలన, వేరొక మార్గమున, కాంతికి పరిమిత వేగము గలదని స్థాపించెను.

ఆయిర్‌స్టెడ్ - కదలిన సూది

1820 వసంతకాలములో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయాచార్యుడు హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ ఉపన్యసించుచుండెను. బల్లమీద విద్యుత్ ఘటమాల, దాని తీగ, దగ్గరలో దిక్సూచి యున్నవి. తీగలో విద్యుత్తు ప్రవహింపగా సూది కొంచెము కదలినది. కదలిక మిక్కిలి స్వల్పమగుటచే వినుచున్నవారు దానిని అంతగా పాటింపలేదు.

విద్యుత్తునకును అయస్కాంతత్వమునకును సంబంధ ముండవలెనని ఆయిర్‌స్టెడ్ చాల సంవత్సరములుగా తలచుచుండెను. అయినను ఆ ఒక్క కదలికను చూచి అతడు వెంటనే ప్రకటన చేయలేదు. కొన్ని మాసముల పిమ్మట మరింత బలమైన ఘటమాలను సిద్ధపరచి, తీగను సూదికి పైనను క్రిందను ఉంచియు, ప్రవాహపు దిశను మార్చియు, నడుమ గాజు, కొయ్య మొదలగువానిని అడ్డుపెట్టియు పరీక్షించెను. తీగ పైనున్నప్పుడు ఒక వైపునకు తిరిగిన సూది, తీగ క్రిందనున్నప్పుడు రెండవ వైపునకు తిరిగెను. అనగా ఈ బలము తీగవైపు లాగునది కాదు, తీగనుండి తోయునదియు కాదు. అది తీగ చుట్టును వలయముగా వ్యాపించియున్నది. అంతవరకు తెలిసిన బలములలో నిట్టిది లేదు.

1820 జూలై 21న అతడు నాలుగు పుటల లాటిన్ పత్రమును ప్రకటించెను. కొద్ది వారములలోనే ఫ్రాన్సులో ఆంపియర్ ఈ మార్గమున పని ప్రారంభించెను. 1831లో ఇంగ్లండులో ఫారడే అయస్కాంతము సాయమున విద్యుత్తును పుట్టించెను. నేడు మన యిండ్లలో తిరుగు పంకా మొదలు పొలములలోని మోటారు పంపు వరకు అన్నియు ఆనాటి సూది కదలికకు వారసులే.

బోర్ సంస్థలో దొరికిన మూలకము

1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్, ఆమ్లత్వమును కొలుచుటకు పీహెచ్ మానమును ప్రవేశపెట్టెను. ద్రావణములోని హైడ్రోజన్ అయానుల గాఢతలో కలుగు మార్పులు ఎంజైముల పనిని ఎట్లు మార్చునో పరిశీలించుచు అతడీ మానమును కల్పించెను. శుద్ధజలములో లీటరునకు కోటియవ వంతు మోల్ మాత్రమే యుండు ఆ అయానుల గాఢతను 7 అను ఒక్క అంకెతో తెలుపుట దీని సౌకర్యము.

1913లో ఈ నగరమునకు చెందిన నీల్స్ బోర్, పరమాణువులోని ఎలక్ట్రానులు నిర్ణీత శక్తిస్థాయిలలో మాత్రమే యుండునను సిద్ధాంతమును ప్రతిపాదించెను. 1921లో అతని అధ్యక్షతన విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర సంస్థ తెరువబడినది. అప్పటికి ఆవర్తన పట్టికలో 72వ సంఖ్యగల మూలకము సరిగా తెలియదు. అది విరళ మృత్తికలలో నొకటియని పలువురి నమ్మకము. ఎలక్ట్రానుల అమరికను బట్టి అది జిర్కోనియమును పోలియుండవలెనని బోర్ తలంపు. అతని సంస్థలో పనిచేయుచున్న హెవెసీ, కోస్టర్ అనువారు జిర్కోనియము ఖనిజములను ఎక్స్‌కిరణములతో పరీక్షింపగా, వర్ణపటమున కొన్ని కొత్త రేఖలు కనబడినవి. 1922 డిసెంబరులో తన నోబెల్ ఉపన్యాసములో బోర్ ఈ వార్తను తెలిపెను. కోపెన్‌హాగన్‌కు లాటిన్ పేరు హాఫ్నియా. దానిని బట్టి మూలకమునకు హాఫ్నియము అను పేరు వచ్చినది.

ఈ మూలకముతో హైదరాబాదు నగరమునకును సంబంధము కలదు. అణు రియాక్టరులలో యురేనియము ఇంధనమును జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నుంచెదరు. జిర్కోనియము న్యూట్రానులను దాదాపు పీల్చుకొనదు. దానిలో కలిసియుండు హాఫ్నియము విరివిగా పీల్చుకొనును. కనుక ఆ స్వల్పాంశమును తొలగింపక తప్పదు. 1971లో స్థాపింపబడిన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ పని జరుగుచున్నది. రసాయన ధర్మములలో కవలలవంటి ఈ రెండింటిని వేరుచేయుట సులభము కాదు. హాఫ్నియము అంతకాలము కంటబడక దాగియుండుటకు కారణమును అదియే.

ఇంగె లేమన్ - నీడలో కనబడిన తరంగములు

ఇంగె లేమన్ 1888లో కోపెన్‌హాగన్‌లో జన్మించెను. బాలబాలికలు కలసి సమానముగా చదువుకొను పాఠశాలలో ఆమె విద్య నభ్యసించెను. ఆ పాఠశాలను నడపినది నీల్స్ బోర్ తల్లి సోదరీమణులలో నొకరు. 1928లో లేమన్ డెన్మార్కు భూకంప పరిశీలన విభాగమునకు అధిపతి అయ్యెను. భూకంపములు చాల అరుదైన దేశమున కూర్చుండి, ప్రపంచమున నెక్కడ భూమి కంపించినను ఆ కంపన పత్రములను ఆమె సరిపోల్చుచుండెను.

భూగర్భమున సుమారు 2,900 కిలోమీటర్ల లోతునుండి ద్రవరూపమైన కేంద్రమండల మున్నదని అప్పటికి తెలిసియుండెను. భూకంప తరంగములు అందులో ప్రవేశించినప్పుడు వంగుటచే, భూమిపై కొంతమేర తరంగములు చేరని నీడప్రాంతము ఏర్పడును. కాని 1929లో న్యూజిలాండులో వచ్చిన పెద్ద భూకంపపు పత్రములను చూడగా, నీడలో నుండవలసిన కేంద్రములలోను బలహీనమైన తరంగములు నమోదైయుండెను. ఇట్టివానికి వేరు కారణములు చెప్పి సరిపెట్టుకొనుట పరిపాటి. లేమన్ అట్లు సరిపెట్టుకొనలేదు. ద్రవమండలము లోపల తరంగవేగము అధికముగాగల మరియొక గోళమున్నచో అది తరంగములను మరలించి నీడలోనికి పంపగలదని లెక్కించి, 1936లో ప్రకటించెను. సుమారు 5,150 కిలోమీటర్ల లోతున మొదలగు ఆ అంతరగోళము ఘనపదార్థమని పిమ్మట తేలినది. ఆమె 104 సంవత్సరములు జీవించి, 1993లో మరణించెను.

తేడాను పరీక్షించు విధము

ప్రతి తేడాయు కొత్త సత్యమునకు ద్వారము కాదు. పెక్కు తేడాలు పరికరముల లోపము వలననో, పరిశీలకుని తొందరపాటు వలననో కలుగును. వీనిని వేరుచేయుట యెట్లు? పై కథలలోనే సమాధానమున్నది. కెప్లర్ కొలతలో పొరపాటు ఎంతవరకు ఉండగలదో ముందు తెలిసికొనెను. రోమర్ భావమును రాబోవు గ్రహణమే పరీక్షించెను. ఆయిర్‌స్టెడ్ బలమైన ఘటమాలతో ప్రయోగమును మరల మరల చేసెను. హెవెసీ, కోస్టరులు ఎచట వెదకవలెనో సిద్ధాంతమును బట్టి నిర్ణయించుకొనిరి. లేమన్ పెక్కు కేంద్రముల పత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచెను.

లోలకమును కొలిచిన విద్యార్థియు ఇట్లే చేయవచ్చును. 9.4 అని వచ్చినచో 9.4 అనియే వ్రాయవలెను. పిమ్మట దారపు పొడవును గుండు మధ్యవరకు కొలిచితినా, డోలనములు 20 లెక్కించితినా, 19 లెక్కించితినా, గుండు మరీ ఎక్కువగా ఊగినదా అని పరిశీలింపవలెను. 20 అనుకొని 21 లెక్కించినచో ఫలితము 9.8 బదులు సుమారు 8.9 వచ్చును. 19 మాత్రమే లెక్కించినచో సుమారు 10.9 వచ్చును. ఆ కారణమును కనుగొని రికార్డులో వ్రాసిన విద్యార్థికి, సరియైన సంఖ్యను ఎత్తివ్రాసిన వానికంటె ఎక్కువ మార్కు లిచ్చుట ఉపాధ్యాయుని చేతిలోని పని.