ఈతల కాలం: మంద మీద కుక్క కన్ను, కుక్క మీద మన కన్ను

కార్తీకం దాటి చలి ముదిరిందంటే కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గొల్లకురుమలకు కంటిమీద కునుకుండదు. మృగశిర వానలకు మొలిచిన పచ్చిక మేసి, పొట్టేలు దాటిన గొర్లు అయిదు నెలలకు, అంటే దాదాపు 150 రోజులకు ఈనుతాయి. ఒక్కో రాత్రి అయిదారు గొర్లు ఈనవచ్చు. కాపరి గొంగడి కప్పుకొని, చేతిలో కట్టె, టార్చిలైటు పట్టుకొని దొడ్డి చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అతనికి తోడుండేది ఒక్క కుక్కే. ఖండోబాగా, మైలారుగా, మల్లన్నగా దక్కన్ అంతా కొలిచే గొల్లకురుమల దేవుని వెంట కూడా కుక్క ఉంటుంది. కుక్క లేని మంద తలుపు లేని ఇల్లు వంటిది.

కాని అదే కుక్క అదుపు తప్పితే? కంచె చేను మేసినట్టే అవుతుంది. తోడేలు రాకుండానే మంద చెదురుతుంది, పిల్లలు చస్తాయి. ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? మంద యజమానికి పది పిల్లలు పోతే వచ్చే ఏడు పది తగ్గుతాయి. మంద వెంట జీతముండే పేదకు మాత్రం ఒక్క పిల్ల పోయినా జీతంలో కోత పడుతుంది. ఇరవై గొర్ల మీద బతికే చిన్న పెంపకందారుకు ఆ ఒక్క ఈతే ఏడాది ఆదాయం. కనుక ఈతల కాలంలో కుక్కను ఎట్లా ఉంచుకోవాలన్నది చిన్న విషయం కాదు, అది కూటి విషయం.

మన కుక్క పని వేరు

ముందుగా ఒక పొరపాటు తొలగించుకోవాలి. సినిమాల్లో, సెల్‌ఫోన్లలో కనిపించే బ్రిటన్ కుక్క, బోర్డర్ కోలీ, గొర్లను తోలే కుక్క. నేలకు వంగి, కళ్లార్పకుండా చూస్తూ, చుట్టూ తిరిగి మందను తరుముతుంది. అది నిజానికి తోడేలు వేటే. చివరి కాటు ఒక్కటి లేకుండా మనిషి దానిని మలుచుకున్నాడు. మన దగ్గర మందను తోలేది మనిషి గొంతు, అతని ఈల, అతని కట్టె. మన కుక్క తోలదు, కాపలా కాస్తుంది. మంద మేస్తుంటే గట్టు మీద పండుకొని చెవులు నిక్కించి ఉంటుంది. కొత్త వాసన తగిలితే లేచి మొరుగుతుంది. కాపలా కుక్కకు గొర్లను తరిమే గుణం ఉండకపోవడమే గొప్ప గుణం.

ఇది తెలియక కొందరు పట్నం నుంచి అల్సేషియన్ పిల్లనో, వేటకుక్క పిల్లనో తెచ్చి మంద కాడ వదులుతారు. పరుగెత్తే దాని వెంట పడడం వాటి రక్తంలో ఉంది. ఎదిగినాక దాన్ని కొట్టి మాన్పించడం కష్టం. మంద వెంట తిరిగే తల్లికి పుట్టిన నాటు పిల్లే మనకు మేలు.

తరిమితే ఏమవుతుంది?

'కరవలేదు గదా, ఊరికే ఉరికించింది' అని సరిపెట్టుకుంటారు కొందరు. చూడి గొర్రెను, అందులోనూ చివరి నెలలో ఉన్నదాన్ని, ఉరికిస్తే ఈచుకపోయే ప్రమాదం ఉంది. బెదిరిన మంద ఒక మూలకు తోసుకుంటే కింద పడినవి ఊపిరాడక చస్తాయి. ఇక ఈనే వేళ తల్లి మందకు ఎడంగా పోయి నిలబడుతుంది. పిల్ల నేల మీద పడగానే నాకుతుంది. ఆ కొద్ది గంటల్లోనే పిల్ల వాసన తల్లికి పట్టుబడుతుంది. అప్పుడే కుక్క వచ్చి ముక్కు పెడితే తల్లి బెదిరి పోతుంది, మళ్లీ వచ్చినా పిల్లను చేరనీయకపోవచ్చు. ముర్రుపాలు పడని పిల్ల, మూడు కిలోలు తూగని పిల్ల, ఆ చలిలో తెల్లవారేదాకా బతకడం గగనం.

పశువులను కుక్కల నుంచి కాపాడేందుకు బ్రిటన్‌లో 1953 నుంచే ఒక చట్టం ఉంది. దాని ప్రకారం గొర్రెను చంపనక్కర్లేదు, మేత భూమిలో తరిమినా కుక్క యజమాని నేరస్తుడే. తరమడమే నష్టమని అక్కడి చట్టం ఒప్పుకున్నది.

పిల్లప్పుడే మంద వాసన

కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఎవరితో కలిసి పెరిగితే వారే తన కులం. ఈ సంగతిని అమెరికా శాస్త్రజ్ఞులు స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. ఆ తర్వాత 1970ల చివర రేమండ్ కాపింజర్ అక్కడి గొర్రెల క్షేత్రాల్లో కాపలా కుక్కలను పెంచి పరీక్షించి చూశాడు. మంద కుక్కకు మూడు గుణాలు కావాలన్నాడు: గొర్లకు హాని చేయని నమ్మకం, మందను విడిచిపోని ధ్యాస, వచ్చినదాన్ని ఎదిరించే తెగువ. ఇవి చదువు లేని మన కాపరులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతులే. కాకపోతే వాటికి అక్కడ కాగితం దొరికింది, ఇక్కడ దొరకలేదు.

చేయవలసింది ఇది. పాలు విడిచిన పిల్లను ఇంటికి కాక దొడ్డికి చేర్చాలి. సాధువైన రెండు మూడు గొర్లు, కొన్ని గొర్రెపిల్లలు ఉన్న చిన్న దడిలో పండబెట్టాలి. పొగరు గొర్రె కుమ్మినప్పుడు దూరి దాచుకోను ఓ మూల ఉండాలి. తిండి అక్కడే పెట్టాలి. వాడకట్టు పిల్లలు ఎత్తుకొని ఆడిస్తే కుక్క ఇంటిదవుతుంది, మందను విడిచి ఊళ్లోకి పోతుంది. అట్లని మనిషి చేయి తగలకుండా పెంచినా ముప్పే. పేరు పెట్టి పిలిస్తే రావాలి, 'ఆగు' అంటే ఆగాలి, తాడు కడితే కట్టించుకోవాలి, సూది వేస్తే వేయించుకోవాలి. ఇంతకు మించిన చదువు దానికి అక్కర్లేదు.

గుదికొయ్య ఎప్పుడు?

అయిదారు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకు పడుచుతనం. పిల్లల చెవులు పట్టి గుంజుతుంది, తోక పట్టి లాగుతుంది, ఆటకు ఉరికిస్తుంది. అది ఆటే, కాని గొర్రెపిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. తప్పు చేస్తున్న క్షణంలోనే గద్దించాలి. గంట తర్వాత కొడితే ఎందుకు కొట్టావో దానికి తెలియదు, నీ దగ్గరికి రావడం మాత్రం మానుకుంటుంది.

అప్పటికీ మానని పడుచుకుక్కకు మెడలో గుదికొయ్య వేలాడదీయాలి. నడిస్తే అడ్డం రాకూడదు, ఉరికితే ముందు కాళ్లకు తగలాలి. మోకాలి కిందికి వేలాడితే చాలు. బరువు మెడను కోయకూడదు. పొదల్లో మేపేటప్పుడు ఎక్కడ తట్టుకుంటుందో చూసుకోవాలి. మొదటి ఈతల కాలంలో పడుచుకుక్కను చూడి గొర్ల మధ్య ఒంటరిగా వదలనే వద్దు. పగలు ముసలి కుక్క జతన తిప్పాలి, రాత్రి దొడ్డి బయట పొడుగు తాడుతో కట్టాలి. మొరిగితే చాలు, మిగతా పని మనం చూసుకోవచ్చు. రెండో ఈతకు దాని నడత చూసి తాడు విప్పాలి.

ఈనిన గొర్రెను, పిల్లను కనీసం ఒక రోజు ముండ్ల దడిలోనో వల కట్టులోనో విడిగా ఉంచాలి. మంద మేతకు పోయినప్పుడు పసిపిల్లలను గంపల కింద కప్పినా, గంప మీద బరువు పెట్టాలి.

మాయ, మాంసం, రోగం

ఆకలిగొన్న కుక్కకు నీతి చెప్పి లాభం లేదు. ఈతల కాలంలో కుక్కకు గట్కయినా, రొట్టెయినా కడుపునిండా పెట్టాలి, అదీ మంద ఈనే చోటికి పోకముందే. మాయను, చచ్చిన పిల్లను కుక్క ముందర వేయకూడదు. లోతు గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. చచ్చినదాన్ని తిన్న ప్రతి కుక్కా బతికినదాన్ని చంపుతుందని కాదు. కాని మాయ కోసం ఎగబడే కుక్క తడి ఆరని పిల్లను కూడా గుంజుతుంది. మాయను ఎత్తే మనిషి కూడా చేతికి కవరు తొడుక్కోవాలి. ఈచుకపోయిన గొర్రె మాయలో మనుషులకూ అంటే బ్రుసెల్లా రోగం ఉండవచ్చు.

మరో ముప్పు ఉంది. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే వాటిని కోసి కుక్కకు విసురుతారు. అవి బద్దెపురుగు పిల్లలు. కుక్క కడుపులో పెరిగి, దాని పెంటతో గుడ్లు పచ్చికలో పడి, మళ్లీ గొర్రెకు, మనిషికి కూడా చేరతాయి. మనిషి కార్జంలో అదే బుడగ పెరిగితే కత్తికోత తప్పకపోవచ్చు. గొర్రె తల ఒకవైపు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చే రోగం కూడా కుక్క బద్దెపురుగు తెచ్చేదే, బుడగ మెదడులో ఉంటుంది. కనుక పచ్చి తలకాయ, పచ్చి పేగులు కుక్కకు వద్దు. మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర, ఏడాదికోసారి రేబీస్ టీకా తప్పనిసరి.

ఊరకుక్కల గుంపు

నిజం చెప్పాలంటే మంద కుక్క చేసే తప్పు చిన్నది. దొడ్డి మీద పడి ఒక్క రాత్రి పదుల గొర్లను కొరికేది ఊరకుక్కల గుంపు. తోడేలు సాధారణంగా ఒక పిల్లను నోట కరచుకొని పోతుంది. కుక్కలు తినడానికి కాదు, ఉరికే ప్రతిదాన్నీ తొడలు, గదుమలు కొరికి వదిలేస్తాయి. అడవి మృగం చంపితే అటవీశాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. ఊరకుక్క అడవి మృగాల పద్దులో రాదు. గొర్రె చచ్చినా, దానికి కారణమైన జంతువు సరైన ఖాతాలో లేదు కనుక పేదవాడికి పైసా లేదు!

ఊరి బయట కోళ్ల దుకాణాల వ్యర్థాలు పోగుపడితే కుక్కలు గుంపు కడతాయి, మాంసానికి మరుగుతాయి. ఆ కుప్పలు తీయించడం, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వేయించడం స్థానిక సంస్థల బాధ్యత. విషం పెట్టడం మార్గం కాదు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ విషం ముందు తినేది మన మంద కుక్కే. అడవిపందుల కోసం చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టే రైతు సోదరులు కూడా ఆలోచించాలి. ఆ తీగకు తగిలేది కుక్క ఒక్కటే కాదు, కాపరి కూడా.

గొర్లిచ్చారు, నేల ఏది?

ఈ ప్రాంతపు గొల్లకురుమలు దొరలకు వెట్టిగా పొట్టేళ్లిచ్చారు, బంచరాయిలో మేపినందుకు పుల్లరి కట్టారు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో కదిలిన పల్లెలు ఇవే. ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది ఆనాటి ప్రభుత్వం. వెట్టి పోయింది, మేత భూమి మాత్రం దక్కలేదు. కోరుట్ల, జగిత్యాల వైపు కాకతీయ కాలువ నీళ్లతో రెండు పంటలు వచ్చి, కోసిన మళ్లలో మంద నిలిపే రోజులు తగ్గాయి. సిరిసిల్ల వైపు మధ్యమానేరు కింద ఊళ్లే మునిగాయి. మేత తరిగిన మంద ఈతల కాలంలో కూడా అడవి అంచులకు, రోడ్ల వెంబడికి పోవలసి వస్తున్నది. ముప్పంతా అక్కడే.

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. యూనిట్ ధర 1.25 లక్షలు, పెంపకందారు వాటా 31,250 రూపాయలు. 2021లో ధర 1.75 లక్షలకు, వాటా 43,750కి పెరిగింది. డీడీలు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు ఎందరో. 2019 పశుగణనలో తెలంగాణ గొర్ల సంఖ్య కోటీ 90 లక్షలు దాటి దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. లెక్కలో గొర్లు పెరిగాయి, అవి ఈనడానికి జానెడు భద్రమైన నేల మాత్రం పెరగలేదు.

కావలసినవి పెద్ద కోరికలు కావు. ప్రతి గ్రామంలో బంచరాయి నుంచి ఈతల దొడ్డికి దడి కట్టిన స్థలం కేటాయించాలి. పశువైద్య సిబ్బంది మంద కాడికే వచ్చి కుక్కలకు పురుగుల మాత్ర, టీకా వేయాలి. ఊరకుక్కలు చంపిన గొర్లకు కూడా పరిహారం ఇవ్వాలి. పిల్ల పోతే జీతగాని కూలి కోసే పద్ధతి పోవాలి. ఇవి అడగడానికి గొల్లకురుమల సంఘాలు, రైతు సంఘాలు, కూలి సంఘాలు ఒక్కటి కావాలి.

కుక్క తన పని తాను చేస్తున్నది. పిడికెడు గట్కకు రాత్రంతా మేల్కొని ఉంటున్నది. మేల్కొనవలసింది మిగతావారు.