కీళ్ళవాతము - కుటుంబ వైద్యుల చదువు

నలువది ఏండ్ల స్త్రీ ఒకామె ప్రొద్దున లేవగానే చేతివ్రేళ్ళు ముడువలేకున్నదనుకొనుడు. గంట గడచిన పిమ్మటగాని అవి స్వాధీనములోనికి రావు. వ్రేళ్ళ మొదళ్ళయందలి కణుపులు కొంచెము వాచియున్నవి. ఆమె మొట్టమొదట పోవునది కీళ్ళజబ్బుల నిపుణుని కడకు కాదు, తన కుటుంబ వైద్యుని కడకే. ఆయన నొప్పికి మాత్రలిచ్చి, "నెల తరువాత రండి" అని పంపివేయవచ్చును. వచ్చువారిలో ఎక్కువమంది విషయమున అది తప్పు కాదు. కీళ్ళనొప్పులలో చాలభాగము ప్రమాదము లేనివే.

కాని ఆమెది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అయినచో ఆ నెల విలువైనది. ఈ వ్యాధిలో శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే కీలు లోపలి పొరమీద తిరుగబడును. ఆ పొర మందమై, ప్రక్కనున్న మృదులాస్థిని, ఎముకను తినివేయును. అట్లు పోయిన ఎముక సాధారణముగా తిరిగి పూర్వపు రూపమునకు రాదు. లక్షణములు కనబడిన పండ్రెండు వారములలోపల చికిత్స మొదలుపెట్టిన యెడల ఫలితము మిక్కిలి బాగుండునని నిపుణుల అభిప్రాయము.

కనుక కుటుంబ వైద్యుడు చేయవలసినది ముఖ్యముగా అనుమానించుట, ఆలస్యము చేయక నిపుణునికి పంపుట. ఉదయపు బిగువు అరగంటకు మించుట, మూడు లేక అంతకంటె ఎక్కువ కీళ్ళు వాచుట, వ్రేళ్ళ మొదళ్ళను అడ్డముగా మెల్లగా నొక్కినప్పుడు నొప్పి కలుగుట - ఇవి గుర్తులు. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టరు కనబడలేదని నిశ్చింతగా ఉండరాదు. వ్యాధి ఉండియు అది కనబడనివారు పెక్కుమంది. తొలిదశలో ఎక్స్‌రే కూడ నిర్దోషముగా ఉండవచ్చును.

ఇదంతయు ఒక ఉపన్యాసములో చెప్పి ముగింపవచ్చును గదా! వినునప్పుడు అందరికి అంతయు తెలిసినట్లే ఉండును. మరునాడు రోగి ఎదుట కూర్చున్నప్పుడు చేయి పాత అలవాటునే పట్టును. కెనడాకు చెందిన డేవ్ డేవిస్, ఆయన సహచరులు 1995లోను, 1999లోను వైద్యుల నిరంతర విద్యపై జరిగిన పరిశోధనలను సమీక్షించిరి. ఉత్త ఉపన్యాసములవలన వైద్యుల పనితీరు మారుట అరుదనియు, చర్చకు, అభ్యాసమునకు చోటున్నచో మారవచ్చుననియు వారు తేల్చిరి.

ఆ కెనడాలోనే, హామిల్టన్ నగరమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయములో 1992 నుండి చిన్న బృందముల పద్ధతి నడచుచున్నది. ఒకే ప్రాంతమందలి కుటుంబ వైద్యులు ఇంచుమించు పదిమంది లోపున ఒకచోట చేరి, ఒక పాఠపత్రమును ముందుంచుకొని గంటన్నర మాటలాడుకొందురు. పాఠపత్రములో రోగుల ఉదంతములు, వాటికి సంబంధించిన పరిశోధనల సారము ఉండును. చర్చను నడుపువాడు నిపుణుడు కాడు, అందులకు శిక్షణ పొందిన తోటి వైద్యుడే. తెలియనివారు తెలియనివారికి చెప్పుకొందురా అని సందేహము రావచ్చును. ఆ భయము పూర్తిగా తీరునది కాదు. అందరికి ఒకే పొరపాటు అలవాటైయున్నచో స్నేహము దానిని బలపరచును. పాఠపత్రమును జాగ్రత్తగా వ్రాయుట, కాలానుగుణముగా దిద్దుట అందుకొరకే అవసరము.

అయితే నిపుణుని ఎదుట అడుగ సిగ్గుపడు ప్రశ్నలు ఇక్కడ బయటికి వచ్చును. మెథోట్రెక్సేట్ సంగతి చూడుడు. కీళ్ళవాతమునకు ప్రధానమైన ఈ మందును వారమునకు ఒక్క పర్యాయమే ఇత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగి మరణించినవారున్నారు. నిపుణుడు మొదలుపెట్టిన మందును పిమ్మట చాలచోట్ల కుటుంబ వైద్యుడే కొనసాగించును. రక్తకణములను, కాలేయమును పరీక్షింపించును. చీటీమీద "వారమునకు ఒకసారి" అన్న మాట చాలునా, "సోమవారము" అని దినముపేరు కూడ వ్రాయవలెనా? పేరు వ్రాయుటయే మేలు. ఇటువంటి చిన్న సంగతికి పెద్ద సభలలో తీరిక దొరకదు.

చర్చ ముగిసిన పిమ్మట ప్రతి వైద్యుడును తన పనిలో ఏమి మార్చుకొనునో ఒక కాగితముపై వ్రాసికొనును. స్కాట్లండు ఈ పద్ధతిని తెచ్చుకొన్న తరువాత ఫార్మసిస్టులు, నర్సులు కూడ ఇట్టి బృందములలో చేరిరి. మందుచీటీలోని పొరపాటు మొట్టమొదట కంటబడునది తరచు ఆ ఫార్మసిస్టుకే.