సంధి తెలియని అతుకు

త్రిపురాంతకం ఊరి పేరును విడదీయమంటే, పలకలకు పేరుపడ్డ మార్కాపురం ప్రాంతంలో ఏ బడిపిల్లను అడిగినా రాసి చూపిస్తుంది: త్రిపుర, అంతకం. రెండు అకారాలు కలిసి దీర్ఘమయ్యాయి. సవర్ణదీర్ఘ సంధి.

అవే రెండు మాటలను సి అనే ప్రోగ్రామింగ్ భాషలో ## గుర్తుతో కలిపితే ‘త్రిపురఅంతకం’ వస్తుంది. ఉన్నవి ఉన్నట్టు అతుక్కుంటాయి, అంతే. (తెలుగు లిపిలోనే నేరుగా పేర్లు పెట్టుకునే వీలు జీసీసీ కంపైలర్‌కు 2020లో, 10వ వెర్షన్‌తో వచ్చింది.)

ఈ అతుకు వేసేది ప్రీప్రాసెసర్. అసలు కంపైలింగ్ మొదలయ్యే ముందే అది ప్రోగ్రామును పేర్లు, అంకెలు, గుర్తులుగా ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే టోకెన్లు. మాక్రో అంటే ఒక పాఠానికి మనం పెట్టుకున్న పేరు; అది కనబడిన చోటల్లా ప్రీప్రాసెసర్ దానికి బదులు ఆ పాఠాన్ని పెడుతుంది. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సి భాషను తీర్చిదిద్దుతున్న 1972-73లో ఈ ప్రీప్రాసెసర్ వచ్చింది. మైక్ లెస్క్, ఆ తర్వాత జాన్ రైజర్ దాన్ని పెంచారు. ## మాత్రం 1989 ప్రమాణంతో వచ్చింది. అంతకుముందు రెండు ముక్కల మధ్య ఖాళీ వ్యాఖ్య (కామెంట్) పెట్టి అతికించేవారు. ఒక కంపైలర్‌లో పనిచేసిన ఆ ఉపాయం ఇంకోదానిలో పనిచేసేది కాదు.

## ఉపయోగం చిన్నది కాదు. లినక్స్ కెర్నెల్‌లో సిస్టం కాల్స్ (ప్రోగ్రాములు కెర్నెల్‌ను అడిగే సేవలు) పేర్లకు ముందు ‘సిస్_’ చేర్చేది ఈ గుర్తే.

కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది. జత(క, గ) అంటే క##గ అని మాక్రో రాశామనుకుందాం. ‘ఊరు’ అనే మరో మాక్రోకు త్రిపురాంతకం అని పెట్టాం. ఇప్పుడు జత(ఊరు, _గుడి) అంటే త్రిపురాంతకం_గుడి రావాలి కదా? రాదు, ‘ఊరు_గుడి’ వస్తుంది. ## పక్కనున్న ముక్కను ప్రీప్రాసెసర్ విప్పి చూడదు. అందుకే మధ్యలో ఇంకో మెట్టు వేయాలి: కలుపు(క, గ) అంటే జత(క, గ). కలుపులో ## లేదు గనుక ఊరు ముందే విప్పుకుని, త్రిపురాంతకంగా మారి, జత చేతికి వెళ్తుంది. చాలా ప్రోగ్రాముల్లో ఒకే పనికి రెండు మాక్రోలు కనబడేది ఇందుకే.

లెక్కల్లోనూ ప్రీప్రాసెసర్ ముక్కలను ఉన్నవి ఉన్నట్టే పెడుతుంది. వర్గం(క) అంటే క*క అని రాసి, వర్గం(2+3) అడిగితే 25 కాక 11 వస్తుంది. జీసీసీని ప్రీప్రాసెసర్ దశ దగ్గరే ఆపి చూస్తే ఆ చోట 2+3*2+3 అని ఉంటుంది. గుణకారం ముందు జరిగిపోయింది. ప్రతి క చుట్టూ, మొత్తం చుట్టూ బ్రాకెట్లు పెడితే 25 వస్తుంది.