దారం రీలు పేరుతో కప్పు కొట్టారు!

ఓడిన జట్టు అంతటితో ఇంటికే అనే పద్ధతిని నాకౌట్ అంటారు. లెక్క తేలికే. 16 జట్లుంటే మొదట 8 మిగులుతాయి, తర్వాత 4, ఆ తర్వాత 2, చివరికి ఒకటి. మొత్తం 15 ఆటలు. ఆటకో జట్టు పోతుంది కదా మరి!

అమెరికాలో ఫుట్‌బాల్‌కి ఇలాంటి పెద్ద పోటీ మొట్టమొదట పెట్టింది అమెరికన్ ఫుట్‌బాల్ అసోసియేషన్. అది 1884లో న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లో పుట్టింది. 1885లో తొలి అమెరికన్ కప్పు గెలిచింది క్లార్క్ ఓ.ఎన్.టి. జట్టు. ఆ మూడక్షరాలకి అర్థం తెలుసా? 'మా కొత్త దారం' అని! క్లార్క్ మిల్లు అమ్మే దారం పేరది. అది మిల్లు జట్టు. 1885, 86, 87 మూడేళ్లూ కప్పు వాళ్లదే.

తర్వాత 1892 దాకా ఐదేళ్లు ఫాల్ రివర్ ఊరి జట్లే గెలిచాయి. అదీ నూలు మిల్లుల ఊరే. స్కాట్లాండ్, ఇంగ్లండు నుంచి పనికోసం వచ్చిన కార్మికులు ఆటని కూడా వెంట తెచ్చుకున్నారు.

పేరు పెద్దదే గానీ, ఆడింది ఎక్కువగా తూర్పు వైపు జట్లే. 1898 తర్వాత ఆగిపోయి 1906లో మళ్లీ మొదలైంది. 1913-14లో దేశం మొత్తానికీ వేరే కప్పు వచ్చింది. అదే ఈనాటి యు.ఎస్. ఓపెన్ కప్. పాత కప్పు 1924తో ముగిసింది.

నాకు నచ్చింది ఏమిటంటే, నాకౌట్‌లో పేరున్న జట్టుకి రెండో అవకాశం ఉండదు, పేరులేని జట్టుకి మొదటి అవకాశం తప్పకుండా ఉంటుంది.

సరే, మన గ్రౌండులో 13 జట్లు దిగితే ఎన్ని ఆటలో చెప్పండి చూద్దాం!