షట్టర్ ఎత్తక ముందే అడగాల్సిన ప్రశ్నలు: చిన్న వ్యాపారులకు ఏ సాయం ఏ ఆఫీసులో దొరుకుతది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో మన ఇళ్లల్ల చిన్న వ్యాపారం కొత్త ముచ్చట కాదు. టైలరింగ్ మిషన్, పండ్ల బండి, బైక్ మెకానిక్ షెడ్డు, బిర్యానీ సెంటర్, బేకరీ, గల్ఫ్ నుంచి వాపసు వచ్చి పెట్టుకున్న ఏసీ రిపేరు దుకాణం, ఏ గల్లీల చూసినా ఇవే కనిపిస్తయి. ఇట్లాంటి వ్యాపారాలకు సర్కారు పథకాలు కూడా చాలానే ఉన్నయి. కానీ వాటి సంగతి మనకు సగం సగమే తెలుస్తది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తది, దాని వెనుక ఒక ఏజెంట్ వస్తడు, ఉచితంగా అయ్యే పనికి పైసలు తీసుకుంటడు.

అసలు నష్టం ఆ ఏజెంట్‌కు ఇచ్చిన పైసలు కాదు. వరుస తప్పడమే. కొన్ని పథకాలు దుకాణం తెరవక ముందు అడిగితేనే వస్తయి. కొన్ని లోన్లు ముందు తీసుకుంటే వేరే సాయానికి తలుపు మూసుకుంటది. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకుందాం.

మొదటి కాగితం: ఉద్యం

చిన్న వ్యాపారానికి మొదటి గుర్తింపు ఉద్యం రిజిస్ట్రేషన్. 2020 జూలై 1 నుంచి ఇది నడుస్తోంది. ఆధార్, పాన్ నంబర్లు, ఆధార్‌కు లింక్ అయిన ఫోను ఉంటే చాలు, ఆన్‌లైన్‌లో అయిపోతది. ఒక్క రూపాయి ఫీజు లేదు, రెన్యువల్ లేదు. సర్కారు సైటు పేరు చివర 'జీఓవీ డాట్ ఇన్' అని ఉంటది. ఫీజు అడిగే సైటు ఏదైనా సర్కారుది కాదని అర్థం. పాన్, జీఎస్టీ లేని మరీ చిన్న వ్యాపారులకు ఉద్యం అసిస్ట్ అని వేరే దారి కూడా ఉంది, దాన్ని బ్యాంకుల ద్వారా చేయించుకోవచ్చు.

ఉద్యం ఉంటే లోన్ వచ్చినట్టే అనుకోవద్దు. కానీ అది లేకపోతే బ్యాంకు ముందు, కొనుగోలుదారు ముందు మన వ్యాపారానికి పేరు ఉండదు. మరో మాట, తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంత వరకు మామూలు దుకాణానికి జీఎస్టీ నంబరు తప్పనిసరి కాదు. "జీఎస్టీ లేకపోతే ఉద్యం రాదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఏ ప్రశ్నకు ఏ ఆఫీసు

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల రెండూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకు ముందు ప్రతి పనికీ కరీంనగర్ పోవాల్సి వచ్చేది. ఇప్పుడు జిల్లా ఆఫీసులన్నీ దగ్గర్లోనే ఉన్నయి. కోరుట్ల వాళ్లకు జగిత్యాలే జిల్లా కేంద్రం.

కొత్త యూనిట్ పెట్టాలంటే జిల్లా పరిశ్రమల కేంద్రం. మైనారిటీ సబ్సిడీ లోన్ల గురించి జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారి ఆఫీసు. తోపుడు బండి, ఫుట్‌పాత్ వ్యాపారం అయితే మున్సిపాలిటీలో మెప్మా సిబ్బంది. బ్యాంకు ఫారం తీసుకోకపోతే, లేకుంటే పని నేర్చుకునే ఉచిత శిక్షణ కావాలంటే లీడ్ బ్యాంకు మేనేజర్. ఆర్సెటీలు అనే శిక్షణ కేంద్రాల్లో కుట్టు, బ్యూటీ పార్లర్, ఫోను రిపేరు లాంటి కోర్సులు తిండి, వసతితో ఉచితంగా నేర్పుతరు. మరమగ్గాల పని అయితే సిరిసిల్లలో చేనేత, జౌళి శాఖ ఆఫీసు ఉంది.

పీఎంఈజీపీ: దుకాణం తెరవక ముందే

2008 నుంచి ఉన్న ఈ పథకం కొత్త యూనిట్లకే. ఇప్పటికే నడుస్తున్న దుకాణానికి రాదు. "ముందు షాపు తెరుద్దాం, తర్వాత అప్లై చేద్దాం" అనుకున్నోళ్లు ఇక్కడే దెబ్బ తింటరు.

తయారీ యూనిట్ అయితే 50 లక్షల దాకా, సర్వీసు అయితే 20 లక్షల దాకా ప్రాజెక్టుకు ఇస్తరు. మైనారిటీలు, మహిళలు ప్రత్యేక కేటగిరీలోకి వస్తరు. వాళ్లు సొంతంగా పెట్టాల్సింది 5 శాతమే. సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. ఉదాహరణకు 4 లక్షల యూనిట్ కోరుట్ల టౌన్‌లో పెడితే సబ్సిడీ లక్ష, పక్క పల్లెలో పెడితే లక్షా 40 వేలు. సొంత పెట్టుబడి రెండు చోట్లా 20 వేలు. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ సరిగ్గా నడిస్తే లోన్‌లో జమ అయితది.

భార్యాభర్తల్లో ఒక్కరికే ఇస్తరు. బీడీ, సిగరెట్ లాంటి వాటికి ఈ పథకం వర్తించదు. ఇంట్ల ఆడవాళ్లు బీడీలు చుట్టే కుటుంబాలు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి, అప్లికేషన్ వేరే పని మీద పెట్టుకోవాలి. ఈ పథకాన్ని 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా ఆమోదించారు. కాబట్టి ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా అని పరిశ్రమల కేంద్రంలో ముందే అడగండి.

ముద్ర, విశ్వకర్మ, స్వనిధి

ముద్ర లోన్ 2015 నుంచి ఉంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తరు. తరుణ్ లోన్ సరిగ్గా కట్టినవాళ్లకు 20 లక్షల దాకా కూడా ఉంది. ఇండ్లు, బంగారం తాకట్టు పెట్టాల్సిన అవసరం లేదు. సబ్సిడీ మాత్రం ఉండదు.

పీఎం విశ్వకర్మ 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 చేతివృత్తులకే ఇది. టైలర్, వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవాళ్లు, తాపీ మేస్త్రీ, చెప్పులు కుట్టేవాళ్లు అందులో ఉన్నరు. మరమగ్గం నేత, బీడీ పని లేవు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది కట్టినాక 2 లక్షల లోన్. పేరు నమోదు సీఎస్‌సీ సెంటర్‌లో.

వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి. 2025లో మార్చినాక వరుసగా 15 వేలు, 25 వేలు, 50 వేలు ఇస్తున్నరు. టైముకు కడితే వడ్డీలో 7 శాతం వాపసు వస్తది.

వరుస ఎందుకు ముఖ్యమో ఇక్కడ చూడండి. గత అయిదేండ్లలో ముద్ర గానీ స్వనిధి గానీ తీసుకొని ఇంకా కడుతున్న టైలర్‌కు విశ్వకర్మ రాదు. పూర్తిగా కట్టేస్తే వస్తది. వేరే పథకంలో సర్కారు సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ రాదు. కాబట్టి చేతికి దొరికిన మొదటి లోన్ మీద సంతకం పెట్టే ముందు "దీంతో నాకు ఇంకేది పోతది?" అని ఆఫీసర్‌ను అడగండి.

రాష్ట్రంలో రాజీవ్ యువ వికాసం కింద 2025 మార్చి నుంచి దరఖాస్తులు తీసుకున్నరు. 50 వేల యూనిట్‌కు పూర్తి సబ్సిడీ, 4 లక్షల యూనిట్‌కు 70 శాతం అని ప్రకటించారు. అప్లై చేసినవాళ్లు రసీదు పట్టుకొని మైనారిటీ సంక్షేమ ఆఫీసులో తమ ఫైలు ఎక్కడ ఉందో అడగాలి.

వడ్డీ వద్దనుకునే ఇళ్లకు

చాలా ఇళ్లల్ల వడ్డీ లోన్ అంటేనే వెనకాడుతరు. అది ఆ ఇంటి నిర్ణయం. కానీ "మేము లోన్ తీసుకోం, మాకేం లేదు" అనుకోవడం మాత్రం సరికాదు. ఉద్యం నమోదులో వడ్డీ లేదు. ఆర్సెటీ శిక్షణలో లేదు. విశ్వకర్మలో శిక్షణ భత్యం, పనిముట్ల 15 వేలు లోన్ తీసుకోకున్నా అందుతయి. సబ్సిడీ లోన్లలో మాత్రం ఎంత భాగం సబ్సిడీ, ఎంత భాగం బ్యాంకు వడ్డీతో వచ్చేదో కాగితం మీద రాయించుకొని చూడండి. దేనికీ పోకుండా చివరికి గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికి పోతే, తప్పించుకున్న వడ్డీ కంటే ఎక్కువే కట్టాల్సి వస్తది.

రావాల్సిన పైసలు ఆగితే

సిరిసిల్లలో నాలుగు మగ్గాలు పెట్టుకొని సేట్ల దగ్గర నూలు తెచ్చి బట్ట నేసి ఇచ్చే ఆసాములకు, యూనిఫాంలు కుట్టి సంస్థలకు ఇచ్చే టైలర్లకు లోన్ కంటే పెద్ద బాధ బాకీలు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు గానీ పని గానీ అందుకున్న సంస్థ 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందం రాసుకోకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే అది రాష్ట్ర కౌన్సిల్‌కు పోతది. అక్కడ ముందు రాజీ ప్రయత్నం ఉంటది. వడ్డీ వద్దనుకుంటే అసలు మొత్తం మీదనే రాజీ చేసుకోవచ్చు.

రెండు షరతులు. సరుకు ఇచ్చే నాటికే ఉద్యం ఉండాలి. కొని అమ్మే దుకాణాలకు ఈ రక్షణ లేదు, తయారీకి, సర్వీసుకే ఉంది. బిల్లు, డెలివరీ చలాన్, వాట్సాప్ ఆర్డర్ దాచిపెట్టుకోండి. నోటి మాట కౌన్సిల్ ముందు నిలబడదు.

బ్యాంకు తిప్పి పంపితే

సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఒక పరిమితి దాకా లోన్‌కు బ్యాంకులు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఫారం ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసి ఇమ్మనండి. జవాబు లేకపోతే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజులైనా తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. వివరాలకు ఫోను నంబరు 14448. జిల్లా ఆఫీసులతో ఇబ్బంది అయితే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటది, అక్కడ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

"లోన్ మంజూరైంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు ఫోన్‌పే చెయ్యి" అని కాల్ వస్తే అది మోసమే అనుకోండి. ఓటీపీ చెప్పకండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్ల ఒక ఫైలు తయారు చేసి పెట్టుకోండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, మీసేవలో తీసుకున్న ఆదాయ, కుల సర్టిఫికెట్లు, దుకాణం కిరాయి కాగితం, మిషన్ల కొటేషన్. పథకాలకు గడువు చాలాసార్లు తక్కువ రోజులే ఉంటది. అప్పటికప్పుడు సర్టిఫికెట్ల కోసం తిరిగేవాళ్లు లైన్‌లో వెనుక పడతరు. చదువుకున్న పిల్లలు ఉంటే అమ్మీ, అబ్బాల పేరు మీద ఉద్యం నమోదు ఈ వారమే చేసి పెట్టండి. అది ఇంట్ల కూర్చొని చేసే పనే.